తమ్ముడి ఓడ మ్యాపు: 180 దగ్గర పడ్డ చిక్కు

సోంపేటలో ఆదివారం వస్తే నాకిదే పని. తమ్ముడు కార్గో ఓడలో చేస్తాడు, రోజూ మధ్యాహ్నం ఓడ ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం వాట్సాప్‌లో పెడతాడు, నేను వాటిని లీఫ్‌లెట్ (వెబ్ పేజీలో మ్యాపులు చూపించే ఉచిత ప్రోగ్రామ్) మ్యాపు మీద గీతగా కలుపుతాను. ఈసారి జపాన్‌లోని కోబే నుంచి కెనడాలోని వాంకూవర్. గీత బుద్ధిగా తూర్పుకే పోతోంది, 48.1, 175.9 దాకా. మర్నాడు 48.6, -176.4 అని పంపాడు; తూర్పు రేఖాంశాలు 180 దాకా పెరిగి, అది దాటగానే పడమటివి -180 నుంచి మొదలవుతాయి. అంతే, గీత పసిఫిక్‌ని వదిలేసి వెనక్కి తిరిగి మంగోలియా, కజకిస్థాన్, ఫ్రాన్స్ మీదుగా వెళ్లి మ్యాపు ఎడమ అంచున తేలింది. పక్కనే జీడిపప్పు పొట్టు తీస్తున్న అమ్మ తొంగిచూసి "ఏట్రా, ఆడి ఓడ నేల మీద పోతంది?" అంది.

లీఫ్‌లెట్‌కి భూమి గుండ్రమన్న సంగతి పట్టదు, 7.7 డిగ్రీల దూరాన్ని 352.3గా లెక్కేసింది. మందు తేలికే: ప్రతి రేఖాంశం నుంచి దాని ముందుది తీసేసి చూడాలి, -180 కంటే తక్కువొస్తే 360 కలపాలి, 180 దాటితే 360 తగ్గించాలి. -176.4 కాస్తా 183.6 అవుతుంది, లీఫ్‌లెట్ దాన్ని మారుమాట లేకుండా తీసుకుంటుంది. నేను చేసిన తెలివితక్కువ పనేంటంటే తమ్ముడు పంపిన అసలు అంకెతో పోల్చడం. దాంతో ఆ ఒక్క పాయింటు బాగుపడింది, తర్వాతి -168.7 మళ్లీ ప్రపంచం చుట్టేసింది. పోల్చాల్సింది సరిచేసిన అంకెతో. ఇది తట్టడానికి రెండు గంటలు పట్టింది, కరెంటు పోయిన అరగంట కలిపి. వాంకూవర్ గుర్తునీ -123.1 దగ్గర కాకుండా 236.9 దగ్గర పెట్టాలి, లేకపోతే గీత ఒక అమెరికాలో, గుర్తు ఇంకో అమెరికాలో (లీఫ్‌లెట్ ప్రపంచ పటాన్ని పక్కపక్కనే మళ్లీ మళ్లీ చూపిస్తుంది మరి).

ఫైలుగా దాచేటప్పుడు మాత్రం వేరే పద్ధతి. మ్యాపు వివరాలు దాచే ఫైలు పద్ధతి జియోజేసన్‌కి 2016లో వచ్చిన ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 7946, ఇలాంటి గీతని 180 దగ్గర రెండు ముక్కలు చెయ్యమంటుంది. 175.9 నుంచి 180కి 4.1 డిగ్రీలు, మొత్తం 7.7లో ఆ 4.1 దగ్గర అక్షాంశం 48.37 వచ్చింది, ఒక ముక్క 180తో ఆపి, రెండోది -180తో మొదలుపెట్టి, రెండిటినీ ఒకే మల్టీలైన్‌స్ట్రింగ్‌లో (విడివిడి ముక్కలున్న గీత) పెట్టాను.

తీరా చూస్తే ఫైల్లో ఒక పాయింటు లేదు! తూర్పుకెళ్లే ఓడ 180 దగ్గరుండే డేట్ లైన్ (తేదీ మారే గీత) దాటితే అదే తేదీ రెండుసార్లు వస్తుంది కదా, తమ్ముడు 12వ తేదీని రెండుసార్లు పంపాడు, నేనేమో తేదీవారీగా సర్దాను, రెండో 12 మొదటిదాన్ని మింగేసింది. ఇప్పుడు అన్నీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం) మార్చాను.

ఇంకా మిగిలింది: మ్యాపుని ఎడమకి జరిపితే అక్కడి అమెరికా దగ్గర గీత ఉండదు, 360 తగ్గించి ఇంకో కాపీ గీయాలి. వచ్చే ఆదివారం చూస్తాను.