రా ఫైళ్ల గోల

పదకొండు దాటింది. రా ఫైళ్లతో (కెమెరా సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే పెద్ద ఫైళ్లు) డిస్క్ నిండి దాని గీత ఎర్రబడితే నాకు నిద్ర పట్టదని మీకు తెలిసిందే. మావాడి సలహా సరేసరి: "జేపెగ్ ఉంచుకుని రా తీసెయ్ నాన్నా, ఎవరు చూస్తారు?" జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ రాలో 16,384. పందిట్లో నీడపడ్డ మొహాన్ని పైకి లేపాల్సొచ్చినప్పుడు ఆ మెట్లే అక్కరకొస్తాయి.

అందుకని అన్నీ డీఎన్‌జీ (అడోబీ వాళ్ల రా ఫైలు రకం) చేసిపారేద్దామనుకున్నా. అడోబీ కన్వర్టర్ ఉచితమే. ప్రిఫరెన్సెస్‌లో ఒరిజినల్ రా ఎంబెడ్ చేసే టిక్ మాత్రం తీసెయ్యాలి. అదుంటే పాత ఫైలు మొత్తం కొత్తదాని కడుపులో దూరుతుంది. తగ్గడం పోయి పెరుగుతుంది. లాసీ కంప్రెషన్ (కొంత సమాచారం వదిలేసి కుదించడం) టిక్ పెడితే సైజు బాగా దిగుతుంది గానీ పోయింది పోయినట్టే.

లాసీ అనగానే సోనీ గోల గుర్తొస్తుంది. అప్పటి ఏ7 కెమెరాల రాలో ఒకే రంగు పిక్సెళ్లను పదహారేసి చొప్పున ముడేసేవారు. ముడిలో అన్నిటికన్నా వెలుగున్నదానికి, చీకటిదానికి 11 బిట్లు చొప్పున. వాటి స్థానాలకు నాలుగేసి. మిగతా పద్నాలుగింటికి తేడా మాత్రం ఏడేసి బిట్లలో. మొత్తం 128 బిట్లు, అంటే పిక్సెల్‌కు ఒక బైటు. మామూలు ఫొటోలో ఏమీ తెలీదు. నల్లటి ఆకాశంలో నక్షత్రపు గీత పడిందో, వెలుగు నుంచి చీకటి దాకా ఆ ఏడు బిట్లు చాలక అంచున గళ్లు లేస్తాయి. జనం మొత్తుకోగా 2015లో అన్‌కంప్రెస్డ్ (అసలు కుదించని) రా ఇచ్చారు, సైజు రెట్టింపు! లాస్‌లెస్ (ఏమీ పోకుండా కుదించేది) 2021లో ఏ1 కెమెరాతో గానీ రాలేదు. నికాన్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే కదా అది!

ఇదంతా టైపు చేస్తుంటే డీఎన్‌జీ కూడా వద్దేమో అనిపిస్తోంది. కెమెరాలోనే లాస్‌లెస్ పెట్టి తీసినవాటిని మారిస్తే మిగిలేది పెద్దగా ఉండదు. పైగా మార్పులు డీఎన్‌జీలోకే రాసేలా పెట్టుకుంటే, ఒక్క రేటింగ్ మార్చినా బ్యాకప్ మొత్తం ఫైలును మళ్లీ మోస్తుంది. రా పక్కన మార్పులు విడిగా రాసుకునే ఎక్స్‌ఎంపీ ఫైలైతే కొన్ని కేబీలే. పాత అన్‌కంప్రెస్డ్‌వి మాత్రం మారుస్తా, సగం దాకా దిగుతాయి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) పెంచి తీసిన రాత్రి ఫొటోలు నాయిస్ (రవ్వల్లాంటి చుక్కలు) వల్ల అంత దిగవు.

అసలు బరువు బరస్ట్‌లది (బటన్ నొక్కిపట్టి వరసగా తీసినవి). లైట్‌రూమ్‌లో (ఫొటోలు సర్దే అడోబీ సాఫ్ట్‌వేర్) వద్దన్నవాటికి ఎక్స్ కొట్టుకుంటూ పోయి కంట్రోల్ బ్యాక్‌స్పేస్. అక్కడ రిమూవ్ అంటే కేటలాగ్‌లోంచే (లైట్‌రూమ్ జాబితా) పోతుంది, ఫైలు డిస్క్‌లోనే ఉంటుంది. డిలీట్ ఫ్రమ్ డిస్క్ నొక్కి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తేనే జాగా మిగిలేది. తలంబ్రాలు గాల్లో ఉన్నదొకటి భలే పడింది, అది ఉంటుంది. 1:1 ప్రివ్యూలు (లైట్‌రూమ్ చూపడానికి దాచుకునే పూర్తి సైజు బొమ్మలు) 30 రోజులకు పోయేలా కేటలాగ్ సెట్టింగ్స్‌లో పెట్టేశా.