పెండింగ్ సేల్స్ చూసి ఆడియన్స్ మార్చకండి

యాడ్లు నడిపి మర్చంట్ (అంటే అమ్మకందారు) సరుకు అమ్మించి, సేల్‌కింత అని కమిషన్ తీసుకునేదే అఫిలియేట్ పని. లింకులిచ్చి, సేల్స్ లెక్కపెట్టేది మధ్యలో ఉండే నెట్‌వర్క్. దాని డాష్‌బోర్డులో ఒక సేల్ మూడు రకాలుగా కనిపిస్తుంది: పెండింగ్, అప్రూవ్డ్, క్యాన్సిల్డ్. డబ్బులొచ్చేది రెండోదానికే. కానీ యాడ్లు చూపించే మెటాకీ గూగుల్‌కీ ‘సేల్ జరిగింది’ అని మనలో చాలామంది పంపేది మొదటిదాన్ని. క్యాష్ ఆన్ డెలివరీ ఇంతగా నడిచే మన దగ్గర ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఆర్డర్ పెడతారు, డెలివరీ బాయ్ ఫోన్ చేస్తే ఎత్తరు, పార్సిల్ వెనక్కి పోతుంది, దాంతో మన కమిషనూ పోతుంది. ఈలోగా యాడ్ సిస్టమ్ ‘ఇలాంటివాళ్లు కొంటారన్నమాట’ అనుకుని అచ్చం వాళ్లలాంటివాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, వరస మాత్రం నిజంలో తరచూ కనబడేదే. వేసవిలో ఎయిర్ కూలర్ ఆఫర్ నడుపుతున్నారు, సేల్‌కి కమిషన్ 300 రూపాయలు. ఒక యాడ్‌సెట్ (ఒకే ఆడియన్స్, బడ్జెట్ ఉన్న యాడ్ల గుంపు) విశాఖకి, ఇంకోటి అనంతపురం, కర్నూలు వైపుకి. రెండింటికీ తలా 4,000 క్లిక్కులు. క్లిక్కు 3 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 3.54. అంటే ఒక్కోదానికి ఖర్చు 14,160 రూపాయలు. విశాఖలో 96 సేల్స్ పెండింగ్, సీమలో 72. ఇక్కడ ఆగితే ఎవరైనా సీమ బడ్జెట్ కోసి విశాఖకి పోస్తారు. రెండు నెలల తర్వాత చూస్తే విశాఖలో అప్రూవ్ అయినవి 40, సీమలో 60. విశాఖలో 2,160 నష్టం, సీమలో 3,840 లాభం.

కారణం వెతకడానికి డేటా తవ్వక్కర్లేదు, మేలో బీచ్ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే చాలు. కూలర్ చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు సరిగ్గా ఆవిరవదు, గది ఇంకా ఉక్కపోస్తుంది. కొన్నవాళ్లు వాపసు పంపేస్తారు. సీమ పొడిగాలిలో అదే కూలర్ హాయిగా పనిచేస్తుంది. అలాగని విశాఖ ఆడియన్స్‌ని తీసేయక్కర్లేదు, వాళ్లకి చూపించే ఆఫర్ మార్చాలి. అదే జనానికి ఏసీ చూపించండి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కోటింగ్ ఉన్న రాగి కండెన్సర్ అని యాడ్‌లోనే రాయండి. టార్గెటింగ్ సరిచేయడమంటే వయసు, ఊరు పెట్టెల్లో టిక్కులు మార్చడమే అనుకుంటారు. చాలాసార్లు మార్చాల్సింది ఆఫర్‌ని.

ఇదంతా తెలియాలంటే ఏ సేల్ ఏ క్లిక్కు నుంచి వచ్చిందో పట్టుకోగలగాలి. దానికి సబ్‌ఐడీ, అంటే నెట్‌వర్క్ లింకుకి మనం తగిలించే గుర్తు. సేల్ రిపోర్టులో అదే తిరిగొస్తుంది. యాడ్ నుంచి నేరుగా మర్చంట్ సైట్‌కి పంపకుండా మధ్యలో మీ సొంత పేజీ ఒకటి పెట్టండి. యాడ్ లింకులో క్యాంపెయిన్ ఐడీ, యాడ్‌సెట్ ఐడీ, యాడ్ ఐడీ, ప్లేస్‌మెంట్ (యాడ్ కనిపించిన చోటు) వాటంతటవే నిండేలా డైనమిక్ పారామీటర్లు పెట్టుకోండి. క్లిక్కు పేజీకి చేరగానే ఈ వివరాలతో పాటు గూగుల్ ఇచ్చే క్లిక్కు గుర్తు జీక్లిడ్‌నో, మెటా ఇచ్చే ఎఫ్‌బీక్లిడ్‌నో ఒక టేబుల్‌లో దాచి, ఆ వరసకి చిన్న అంకెల నంబరు ఇవ్వండి. నెట్‌వర్క్ లింకులో సబ్‌ఐడీగా వెళ్లాల్సింది ఆ నంబరు ఒక్కటే.

జీక్లిడ్‌నే నేరుగా సబ్‌ఐడీగా పంపితే సరిపోదా అంటే, పోదు. అది పొడవైనది, పైగా అందులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరువేరు. కొన్ని నెట్‌వర్కులు సబ్‌ఐడీ మొత్తాన్నీ చిన్నక్షరాల్లోకి మార్చేస్తాయి, కొన్ని పొడవు ఎక్కువైతే తోక కత్తిరిస్తాయి. అలా తిరిగొచ్చిన జీక్లిడ్‌ని అప్‌లోడ్ చేస్తే గూగుల్ గుర్తుపట్టదు. అంకెల నంబరుకి ఈ బాధ లేదు. ఇదే అదనుగా సబ్‌ఐడీలో కస్టమర్ పేరో ఫోన్ నంబరో పెట్టే తెలివి మాత్రం వద్దు. నెట్‌వర్క్ నిబంధనలు ఒప్పుకోవు, 2023 డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది.

నెట్‌వర్క్ పోస్ట్‌బ్యాక్ ఇస్తే సేల్ పడగానే ఆ నంబరు మీ సర్వర్‌కి వస్తుంది. ఇవ్వకపోతే రోజూ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి షీట్‌లో కలుపుకోవాలి, అదీ పనిచేస్తుంది. రెండింట్లోనూ టైమ్‌జోన్ చూసుకోండి. నెట్‌వర్క్ రిపోర్టు యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక నడిచే సమయం) ఉంటే మన రాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 వరకు పడిన సేల్స్ ముందురోజు తేదీలోకి పోతాయి. అర్ధరాత్రి కొనేవాళ్లు గట్టిగా ఉన్న ఆఫర్లలో ఏ రోజు బాగుంది, ఏ గంట బాగుంది అన్న లెక్క మొత్తం చెదిరిపోతుంది.

ఇక అప్రూవల్ సమాచారాన్ని వెనక్కి పంపడం. అసలు చిక్కు ఇక్కడే. గూగుల్‌లో క్లిక్కు జరిగిన 90 రోజుల లోపు కన్వర్షన్‌ని (ఇక్కడ సేల్‌ని) జీక్లిడ్‌తో అప్‌లోడ్ చేయొచ్చు. కాబట్టి అప్రూవ్ అయ్యాకే పంపడం కుదురుతుంది, కానీ ఏ క్లిక్కుకి ఎంత వేలం పాడాలో తేల్చే బిడ్డింగ్‌కి రెండు నెలలు ఆలస్యంగా సమాచారం అందుతుంది. పెండింగ్‌లోనే పంపేసి, క్యాన్సిల్ అయితే వెనక్కి తీసుకునే దారీ ఉంది. దానికి ఆర్డర్ ఐడీ మొదటే జతచేసి ఉంటే మేలు, గడువు కన్వర్షన్ జరిగిన 55 రోజుల వరకే. మీ మర్చంట్ సేల్ అప్రూవో క్యాన్సిలో 60 రోజులకి తేల్చేవాడైతే ఈ దారి మూసుకుపోయినట్టే. మన సర్వర్ నుంచి సేల్స్ అందుకునే మెటా కన్వర్షన్స్ ఏపీఐ ఇంకా కచ్చితం: వెబ్‌సైట్ ఈవెంట్ జరిగి 7 రోజులు దాటితే తీసుకోదు.

అందుకే నాకు నచ్చే పద్ధతి, పెండింగ్‌లోనే పంపడం, కానీ విలువ తగ్గించి పంపడం. పాత డేటా నుంచి ఆ విభాగం అప్రూవల్ రేటు తీయండి. పై లెక్కలో విశాఖ కూలర్‌కి 96లో 40, అంటే దాదాపు 42 శాతం. కాబట్టి ఆ సేల్‌ని 300 అని కాకుండా 126 అని పంపాలి. సీమ సేల్‌కి 83 శాతం, కాబట్టి దాదాపు 250. తర్వాత క్యాంపెయిన్‌ని కన్వర్షన్ల సంఖ్యకి కాకుండా విలువకి ఆప్టిమైజ్ చేయండి. సంఖ్యకి పెడితే 126 అయినా 250 అయినా సిస్టమ్‌కి ఒకటే. అప్రూవల్ రేటుని నెలకోసారి తిరగరాయండి. పండగ సేల్స్ నెలలో అది మామూలు నెలల్లా ఉండదు.

పిక్సెల్ (పేజీలో పెట్టే మెటా కోడ్), ఏపీఐ రెండూ ఒకే ఈవెంట్‌ని పంపుతుంటే రెండింట్లో ఈవెంట్ పేరూ, ఈవెంట్ ఐడీ ఒకటే ఉండాలి. లేకపోతే ఒక్క సేల్ రెండుగా లెక్కపడుతుంది. మీ పేజీ నుంచి మర్చంట్‌కి వెళ్లే క్లిక్కుని గూగుల్‌లో సెకండరీగా (రిపోర్టులో చూడటానికే, బిడ్డింగ్‌కి కాదు) ఉంచండి. దాన్ని ప్రైమరీ చేస్తే గూగుల్ బాగా నొక్కేవాళ్లని తెస్తుంది, కొనేవాళ్లని కాదు.

డేటా వచ్చింది కదా అని వెంటనే కోతలు మొదలుపెట్టకండి. సేల్‌ని అది పడిన తేదీకి కాదు, క్లిక్కు పడిన తేదీకి జమకట్టాలి. మీ ఆఫర్‌లో ఎక్కువ సేల్స్ క్లిక్కు తర్వాత ఐదు రోజుల్లో వస్తుంటే, గత ఐదు రోజుల అంకెలు ఎప్పుడూ అధ్వానంగానే కనిపిస్తాయి. వాటిని చూసి యాడ్‌సెట్ ఆపేవాళ్లు ఇంకా పండని కాయని కోస్తున్నట్టే.

చిన్న అంకెలకి రెండు లెక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి: సున్నా సేల్స్ వచ్చినచోట 3ని క్లిక్కులతో భాగించండి. 150 క్లిక్కులకి సున్నా అయితే, నిజమైన రేటు 2 శాతం కంటే తక్కువేనని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 40 క్లిక్కులకి సున్నా అయితే అది 7 శాతం కూడా కావచ్చు, ఏమీ తేలలేదు. రెండు: సమానంగా క్లిక్కులున్న రెండు విభాగాల మధ్య సేల్స్ తేడా, వాటి మొత్తం వర్గమూలానికి రెట్టింపు దాటాలి. 12కి, 7కి తేడా 5. మొత్తం 19, వర్గమూలం 4.4 దాకా, రెట్టింపు 8.7. కాబట్టి 12 గెలిచినట్టు కాదు. పైన 60, 40 చూడండి: తేడా 20, మొత్తం 100 వర్గమూలానికి రెట్టింపు 20. సరిగ్గా అంచున ఉంది. అయినా నమ్మొచ్చని ఎందుకంటున్నానంటే కారణం గాలిలోనే కనిపిస్తోంది కాబట్టి. కారణం తట్టని తేడా అంచున ఉంటే ఇంకో రెండు వారాలు ఆగడమే మంచిది.

అదే కారణంగా యాడ్‌సెట్లని మరీ ముక్కలు చేయకండి. మెటాలో ఒక యాడ్‌సెట్ లెర్నింగ్ (ఎవరికి చూపాలో నేర్చుకునే దశ) దాటాలంటే వారంలో 50 వరకు కన్వర్షన్లు కావాలి. పెండింగ్ సేల్‌కి 150 ఖర్చయితే వారానికి 7,500, రోజుకి 1,070 రూపాయల పైమాట. రోజుకి 1,000 బడ్జెట్‌తో గాజువాకకొకటి, మధురవాడకొకటి, ఎంవీపీ కాలనీకొకటి అని విడగొడితే ఏదీ నేర్చుకోదు. మూడూ ఒకే యాడ్‌సెట్‌లో ఉంచి, తేడాని రిపోర్టులో చూసుకోండి.

ఊరి విషయంలో విశాఖకి కొన్ని ప్రత్యేకమైన తలనొప్పులున్నాయి. గూగుల్‌లో లొకేషన్ సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే, ఇక్కడ ఉన్నవాళ్లతో పాటు ఈ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లకీ యాడ్ వెళుతుంది. అరకు, రుషికొండ ట్రిప్పు వెతుకుతున్న హైదరాబాద్ వాళ్లంతా అందులోకి వచ్చేస్తారు. స్థానిక ఆఫర్ అయితే ‘ప్రెజెన్స్’ (ఊళ్లో ఉన్నవాళ్లు) మాత్రమే పెట్టండి. మ్యాప్ మీద వృత్తం గీస్తే బీచ్ రోడ్డు దగ్గర సగం బంగాళాఖాతంలో పడుతుంది. చేపలు క్లిక్ చేయవు కాబట్టి నష్టం లేదు, కానీ వ్యాసార్థం చూసి జనం అంత ఉన్నారనుకోకండి. ట్రాకర్ (క్లిక్కులు లెక్కపెట్టే టూల్) ఐపీని బట్టి చూపించే ఊరినీ నమ్మొద్దు. మొబైల్ డేటాలో ఉన్న విశాఖ మనిషి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నట్టు కనిపించవచ్చు. లీడ్ ఆఫర్ (ఫారం నింపితే కమిషన్ వచ్చేది) అయితే ఫారంలో పిన్‌కోడ్ అడగండి, అదే మేలు.

భాషని కూడా ఊరితో ముడిపెట్టొద్దు. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, స్టీల్ ప్లాంట్, రైల్వే ఉన్న ఊరు కాబట్టి హిందీ, ఒడియా ఇళ్లు చాలానే ఉన్నాయి. తెలుగు యాడ్ ఒక్కటే నడిపి ‘ఫలానా ఏరియా కొనదు’ అని తేల్చేస్తే తప్పు ఏరియాది కాకపోవచ్చు.

కోత పెట్టే వరసలో నేను మొదట చూసేది ప్లేస్‌మెంట్‌నే. ఆటల యాప్‌ల లోపల పడే యాడ్లకి పొరపాటు నొక్కుళ్లు ఎక్కువ. పిల్లల రైమ్స్ ఛానళ్లలో ఫోన్ నాన్నదే అయినా వేలు మూడేళ్ల వాడిది. అక్కడ క్లిక్కులు మెండు, సేల్స్ శూన్యం. తర్వాత ఊరు, ఆ తర్వాతే వయసు. గూగుల్‌లో వయసు ‘అన్‌నోన్’ అని ఉన్నవాళ్లని తీసేయాలని చెయ్యి దురద పెడుతుంది, తీయకండి. వాళ్లు గూగుల్‌కి వయసు తెలియని మామూలు జనమే, కొనేవాళ్లూ అందులో ఉంటారు.

లుక్‌అలైక్ (మనమిచ్చిన లిస్టుని పోలినవాళ్ల ఆడియన్స్) చేయాలంటే మెటాకి ఒకే దేశం నుంచి కనీసం 100 మంది కావాలి, వెయ్యి దాటితేనే దానికో రూపం వస్తుంది. గూగుల్‌లో సిమిలర్ ఆడియన్సెస్ 2023లోనే ఆగిపోయాయి, పాత వీడియోలు చూసి వెతక్కండి. మీ పేజీలో అనుమతితో తీసుకున్న ఫోన్ నంబర్లతో లిస్టు చేస్తుంటే, నంబరు ముందు మెటాకైతే 91, గూగుల్‌కైతే +91 చేర్చి, ఖాళీలు తీసేసి, అప్పుడు హ్యాష్ చేయండి (అసలు నంబరు కనబడని కోడ్‌గా మార్చండి). 91 లేకుండా హ్యాష్ చేసిన నంబరు దేనితోనూ సరిపోలదు, మ్యాచ్ రేటు ఎందుకు పడిపోయిందో రిపోర్టు ఎక్కడా చెప్పదు. ఆ లిస్టులోకి అప్రూవ్ అయిన సేల్స్ వాళ్లని మాత్రమే ఎక్కించండి. క్యాన్సిల్ చేసినవాళ్లు 200 మంది దాటితే వాళ్లని వేరే లిస్టుగా పెట్టి, అదే మర్చంట్ ఆఫర్ల నుంచి మినహాయించండి.