పెంకు తీయని రొయ్యకు దొరికిన అనుమతి

2020 నవంబరు 3 నుంచి 6 వరకు విశాఖ తీరానికి ఆవల మలబార్ నౌకా విన్యాసాల తొలి దశ జరిగినప్పుడు, భారత్, అమెరికా, జపాన్ నౌకల సరసన ఆస్ట్రేలియా యుద్ధనౌక బల్లరాట్ కూడా నిలిచింది. కొవిడ్ కారణంగా ఒక దేశపు నావికులు మరో దేశపు వారిని నేరుగా కలుసుకోకుండానే అంతా సముద్రం మీదే ముగిసిపోయింది కాబట్టి, బీచ్‌రోడ్డులో నడిచే మాలాంటి వారికి ఆ విన్యాసాలు పత్రికల్లో చదివిన వార్తగానే మిగిలాయి.

అయినా ఆ రాక చిన్నదేమీ కాదు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మనతో రక్షణ సంబంధాలను నిలిపివేసిన దేశమది. 2007లో ఒకసారి మలబార్‌లో పాల్గొని, మరుసటి ఏడాదే నాలుగు దేశాల కూటమి చర్చలకు దూరం జరిగింది. ఆ నిర్ణయాన్ని చైనా విదేశాంగ మంత్రి సమక్షంలోనే ప్రకటించడాన్ని మన వాళ్లు చాలాకాలం మరిచిపోలేదు. మళ్లీ దగ్గర చేసింది కూడా చైనాయే. 2020 మే నెలలో లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు చైనా సైనికులకు ఎదురునిలిచి ఉండగా, అదే నెలలో ఆస్ట్రేలియా బార్లీపై చైనా 80.5 శాతం సుంకాలు మోపింది. జూన్ 4న ఇరు ప్రధానులు వీడియో తెరల మీదే సమావేశమై, ఒకరి రేవుల్లో మరొకరి నౌకలు ఇంధనం నింపుకొని మరమ్మతులు చేయించుకునే ఒప్పందం కుదుర్చుకున్నారు. యుద్ధం వస్తే తోడు నిలుస్తామన్న హామీ అందులో లేదు. నా దృష్టిలో అలా లేకపోవడమే మంచిది.

వాణిజ్య ఒప్పందంపై 2022 ఏప్రిల్ 2న సంతకాలు జరిగాయి, డిసెంబరు 29 నుంచి అది అమలులోకి వచ్చింది. బొగ్గుపై 2.5 శాతం సుంకాన్ని మనం ఎత్తివేశాం, పాడి ఉత్పత్తుల జోలికి మాత్రం రానివ్వలేదు. మన వస్త్రాలపై ఉన్న 5 శాతం సుంకాన్ని వారు తీసివేశారు. సుంకాల సంగతి ఇంతటితో సరి, ఎందుకంటే మన కోస్తా జిల్లాల రొయ్యకు అడ్డుగోడగా నిలిచింది సుంకం కాదు, వైరస్ వల్ల రొయ్యలకు సోకే తెల్లమచ్చ వ్యాధి.

2016 చివర క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో ఆ వైరస్ బయటపడగానే, 2017 జనవరిలో ఆస్ట్రేలియా పచ్చిరొయ్యల దిగుమతులను నిలిపివేసింది. తర్వాత సడలించినా పెంకు తీయని మన రొయ్యకు దారి తెరుచుకోలేదు. మనిషికి హాని చేయని ఈ వైరస్ చెరువును మాత్రం వారం పది రోజుల్లో ఖాళీ చేయగలదు. భీమవరం దగ్గర చెరువులు చేసే మా బావమరిది ఒకసారి చచ్చిన రొయ్య తల పెంకును ఒలిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించాడు. పిండి చల్లినట్టు సన్నని తెల్లని చుక్కలు. "ఇది కనిపించాక ఆలోచించేదేం లేదు బావగారూ, ఉన్నదాన్ని పట్టేయడమే" అన్నాడు. ఆ మాట విన్న నాకు ఆస్ట్రేలియా భయం అన్యాయమని అనిపించలేదు.

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి మన రొయ్య ధర కుంగిన తర్వాత, అక్టోబరులో ఆస్ట్రేలియా పెంకు తీయని భారత రొయ్యకు తొలి అనుమతి ఇచ్చింది. అప్పుడు ఆ దేశంలోనే పర్యటిస్తున్న మంత్రి నారా లోకేశ్ ఈ విషయాన్ని వెల్లడించారు. వ్యాధి లేదని నిర్ధారించిన ప్రాంతంలో పెరిగిన సరుకే అయి ఉండాలన్నది అందులోని షరతు. ఇన్నేళ్లుగా పోగైన రాజకీయ సాన్నిహిత్యం లేకుంటే ఈ ఫైలు ఇంత దూరం కదిలేది కాదని నేను నమ్ముతున్నాను.

ఆ వార్త వచ్చిన రోజు ఫోన్ చేసి చెబితే, మా బావమరిది సంతోషించాడు గానీ వెంటనే అడిగాడు: "పక్కవాడు చెరువు నీళ్లు వదిలేదీ, మేం తోడుకునేదీ ఒక్క కాలువలోనే కదా బావగారూ, వ్యాధి లేని ప్రాంతమని ఎవరికని రాసిస్తారు?"