జ్వరం తగ్గింది, జబ్బు తగ్గలేదు: ఐదు వారాల నా అనుభవం

నాకూ మా తమ్ముడికీ ఒక్కరోజు తేడాతో ఫ్లూ వచ్చింది. ఇద్దరికీ పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా అనే తేలింది. వాడు ఎనిమిదో రోజుకు లేచి తిరిగాడు. నాకు ఐదు వారాలు పట్టింది.

వాడు జ్వరం వచ్చిన సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఫ్లూ వైరస్ మీద పనిచేసే మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టాడు. నేను మాత్రం ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి, నాలుగో రోజు వెళ్లాను. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుందట. అయితే మామూలు ఫ్లూలో అది తగ్గించేది కూడా దాదాపు ఒక్క రోజే. కాబట్టి మా ఇద్దరి మధ్య అంత తేడాకు ఆ ఆలస్యమే కారణం అనుకోను.

నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఆయాసం రావడం లేదు కదా అని రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ ఆరు నెలల ముందే మానేశాను. అది నా తప్పే. అప్పటికే వాచి ఉన్న శ్వాసనాళాల మీద వైరస్ పడింది. దానికి తోడు జ్వరం తగ్గిన మర్నాడే, ఆరో రోజున, పనికి వెళ్లిపోయాను. రాత్రిళ్లు దగ్గుతో నిద్ర లేదు, పగలు విశ్రాంతి లేదు.

తొమ్మిదో రోజు మళ్లీ చలిజ్వరం. ఊపిరి తీస్తే కుడిపక్క పొడిచినట్టు నొప్పి. తగ్గినట్టే తగ్గి జ్వరం తిరగబెడితే ఒక్కరోజు కూడా ఆగకండి, దయచేసి. ఎక్స్-రేలో న్యుమోనియా కనిపించింది. వైరస్ దెబ్బతీసిన చోట బాక్టీరియా చేరిందన్నారు. యాంటీబయాటిక్ అవసరమైంది అప్పుడు.

ఆ తర్వాత నన్ను బాగా టెన్షన్ పెట్టింది దగ్గు. మూడో వారంలోనూ పోకపోతే ఇంకేదో ఉందని భయపడ్డాను. డాక్టర్ ఓపిగ్గా చెప్పారు: "వైరస్ పోయినా శ్వాసనాళాల లోపలి పొర మానాలండీ. కఫాన్ని పైకి తోసే సన్నని నూగు మళ్లీ మొలవాలి. ఇలాంటి దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలు ఉండొచ్చు." పొగతాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు, 65 దాటినవాళ్లకు కోలుకోవడం ఇంకా ఆలస్యం కావచ్చన్నారు. ఆ మాట మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఆరో రోజున పనికి వెళ్లేదాన్ని కాదు.

ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టాను. ఐదో వారం చివర్లో రెండంతస్తులూ ఆగకుండా ఎక్కి, పైకి వెళ్లాక తమ్ముడికి ఫోన్ చేశాను. మాట మధ్యలో దగ్గు రాలేదు.