గింజల వైద్యం: సూదుల కంటే మూత్రమే సతాయిస్తుంది

ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే గింజల్ని ఆ గ్రంథిలో పెట్టిన రోజు నాకు పెద్ద కష్టమనిపించలేదు. నడుములో మత్తు ఇచ్చి, కాళ్లు పైకెత్తి కట్టి, మలద్వారంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతారు. 5 మిల్లీమీటర్లకో రంధ్రం ఉన్న పలకలోంచి, వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం గుండా సూదులు దింపుతారు. నాకు 84 గింజలు పట్టాయి. ఒక్కోటి 4.5 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మందం, టైటానియం తొడుగులో అయోడిన్-125. దాదాపు 60 రోజులకోసారి దాని బలం సగమవుతుంది. ఏడాది తిరిగేసరికి మిగిలేది నామమాత్రం. గింజల్ని మాత్రం ఇక బయటికి తీయరు.

గ్రంథి మరీ పెద్దదైతే కటి ఎముక సూదులకు అడ్డొస్తుంది. హార్మోన్ మందుతో ముందు కుదిస్తారు. మూత్రధార అప్పటికే సన్నబడినవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

మొదట్లో ఇబ్బంది సూదుల వాపుది. రెండో వారం నుంచి రేడియేషన్ మంట అందుకుంటుంది. రాత్రి ఐదారుసార్లు లేవడం, లేచి నిలబడితే నాలుగు చుక్కలు. మూత్రం దారిని వదులు చేసే టామ్సులోసిన్ మందును కాస్త నయమనిపించగానే ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. జలుబు మాత్రలతో జాగ్రత్త: వాటిలోని సూడోఎఫెడ్రిన్ మూత్రాశయం మెడను బిగించేస్తుంది. పొత్తికడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లి క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయించుకోవాలి. దారి తెరవడానికి గ్రంథిని గీకే ఆపరేషన్‌కు మాత్రం తొందరపడకూడదు. రేడియేషన్ తగిలిన కండ సరిగా మానదు, మూత్రం ఆపుకోలేని స్థితి రావచ్చు.

తొలి రోజుల్లో మూత్రాన్ని జాలీలో వడకట్టమంటారు. గింజ కనిపిస్తే వేళ్లతో ముట్టుకోకుండా పట్టకారుతో తీసి, మూతున్న సీసాలో వేసి ఆసుపత్రికివ్వాలి. రెండు నెలలు చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు, గర్భిణుల పక్కన ఎక్కువసేపు ఉండకూడదు.

నెలకు, వాపు దిగాక, సీటీ తీస్తారు. అనుకున్న మోతాదు, మామూలుగా 145 గ్రే (రేడియేషన్ కొలత), గ్రంథికంతా అందిందో లేదో అప్పుడే తేలుతుంది.

ఏడాది, రెండేళ్ల మధ్య పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బును కనిపెట్టే రక్తపరీక్ష అంకె) ఒక్కోసారి పెరిగి, దానంతటదే దిగుతుంది. నిద్ర చెడగొట్టే కాగితమంటే అదే! అంతవరకు వచ్చిన అతి తక్కువ అంకె మీద 2 పెరిగితేనే జబ్బు తిరగబెట్టిందని అనుమానిస్తారు.

పెద్దపేగులో కెమెరా వేయించుకునేటప్పుడు గింజల సంగతి ముందే చెప్పాలి. ప్రోస్టేట్‌కు ఆనుకున్న గోడలో ముక్క తీస్తే ఆ పుండు మానక, మూత్రనాళానికీ మలాశయానికీ మధ్య రంధ్రం పడే ప్రమాదముంది.