లూసిడ్ డ్రీమ్ వచ్చిన మర్నాడు ఒళ్లు తేలికగా ఉంటుందా: ఇప్పటివరకు నా సాధన వివరాలు

కల కంటున్నానని కలలోనే తెలుసుకునే లూసిడ్ డ్రీమ్ సాధనను నిరుటి చలికాలం నుంచి చేస్తున్నాను. మెదడు అంత ఎరుకతో పనిచేసిన రాత్రి విశ్రాంతి తగ్గుతుందేమోనన్న అనుమానం ఉండటంతో, కలతో పాటు మర్నాటి అలసటను కూడా నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను.

రాత్రి పదిన్నరకు పడుకుంటాను. నాలుగు గంటలకు చేతి బ్యాండు వైబ్రేషన్‌తో లేపుతుంది. అలారం మోగితే ఇంటిల్లిపాదీ లేస్తారు కనుక శబ్దం పెట్టను. జీరో బల్బు వెలుతురులో పది నిమిషాలు కూర్చుని, అప్పటిదాకా వచ్చిన కలను రెండు మూడు వాక్యాల్లో రాసి, మళ్లీ కల వచ్చినప్పుడు అది కలేనని గుర్తుపడతానని మనసులో అనుకుంటూ పడుకుంటాను. ఫోన్ ముట్టుకోను. ఐదు దాటాక మసీదు నుంచి అజాన్, ఆ తరువాత అపార్ట్‌మెంట్ సంపు మోటారు మొదలవుతాయి కనుక చెవుల్లో దూది తప్పనిసరి.

నాలుగు గంటల వేళను ఎంచుకోవడానికి కారణముంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడో వంతులోనే ముగుస్తుంది. కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, తరువాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్, నిద్రలో ఉన్న వ్యక్తి ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను కుడిఎడమలకు కదిలించి పంపిన సంకేతాలను నమోదు చేసి, లూసిడ్ డ్రీమ్ వచ్చేది మెలకువలో కాదు, రెమ్ నిద్రలోనేనని చూపారు. కాబట్టి వేకువజామున వచ్చే ఇలాంటి కల గాఢనిద్రను దోచుకుపోయే అవకాశం తక్కువ.

లేచిన వెంటనే అలసటకు మార్కులు వేసుకోవడం మానేశాను, ఎందుకంటే అప్పుడు నిద్రమత్తు తప్ప మరేమీ తెలియదు. ఆఫీసుకు వెళ్లే మెట్రోలో ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి మరోసారి, ఐదుకు ఎంతో రాస్తాను; ఐదంటే అలసట అసలు లేనట్టు. వీటిలో రెండోదే నాకు నమ్మదగినదిగా తోస్తుంది. ఉదాహరణకు ఒక తెల్లవారుజామున కలలో అమీర్‌పేట స్టేషన్‌లో నిలబడి ఉన్నాను. బోర్డు మీద పేరు సరిగానే ఉంది, తల తిప్పి మళ్లీ చూసేసరికి ఒత్తులు పోయాయి, మూడోసారి చూస్తే అక్షరాలే కుదురుగా లేవు. అది కలేనని తెలిసి, చెదిరిపోకుండా అరచేతులు రుద్దుకుంటూ ప్లాట్‌ఫారమ్ చివరిదాకా నడిచాను. ఆ ఉదయం మెట్రోలో ఐదుకు ఐదు వేసుకున్నాను కానీ అందులో సగం సంబరమేనని మధ్యాహ్నం వేసిన మార్కు చెప్పింది. అయినా అది మామూలు రోజుల కంటే తక్కువేమీ కాదు.

నిజంగా కుంగదీసినవి వేరే రాత్రులు. నాలుగింటికి లేచి, మళ్లీ నిద్రపట్టక దొర్లి, కల రాకుండానే తెల్లవారినప్పుడు మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడతాయి. బ్యాండు లేకుండా దానంతటదే ఎరుక కల వచ్చిన రోజుల్లో మాత్రం ఏ బడలికా ఉండదు. అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే దిశలో ఉంది: సంకల్పం చెప్పుకున్నాక ఐదు నిమిషాల్లోపే నిద్రపోయినవారికి ఫలితం మెరుగ్గా వచ్చింది, అలా కల సాధించినవారు మర్నాడు నిద్రలేమితో బాధపడలేదు. నా లెక్కలో నిద్రను తినేది కల కాదు, కలకోసం పెట్టుకునే మెలకువ.

బ్యాండు చూపే రెమ్ నిమిషాలను నేను పట్టించుకోను. ల్యాబులో మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, గడ్డం కండరాల బిగువు చూసి నిర్ణయించేదాన్ని ఇది గుండెవేగం, కదలికల ఆధారంగా అంచనా వేస్తుంది. అసలే నిద్ర సరిగా పట్టనివారు ఈ అలారం జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మీదట బ్యాండును శుక్ర, శనివారాల రాత్రులకే పరిమితం చేసి, సాయంత్రం నాలుగు తరువాత ఇరానీ చాయ్ మానేసి, తిరిగి నిద్రపట్టడానికి ఎంతసేపు పట్టిందో కూడా నమోదు చేయబోతున్నాను. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే ఆ రాత్రికి ప్రయత్నం విరమించి, పొద్దెక్కేదాకా పడుకుంటాను.