మాంటెనెగ్రో: కొడుక్కి కాదు, అన్నదమ్ముల కొడుక్కి గద్దె

బాల్కన్స్ (ఆగ్నేయ ఐరోపా దేశాలు) అనగానే మనవాళ్ళు మొదటి ప్రపంచ యుద్ధం గురించో యుగోస్లావియా ముక్కలవడం గురించో మాట్లాడతారు గానీ మాంటెనెగ్రో ఊసు ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం ఆ చుట్టుపక్కల దేశాలన్నిట్లో బాగా పట్టుకున్నది అక్కడి పాలకుల వరసే. 150 ఏళ్ళకి పైగా ఆ దేశాన్ని ఏలింది బిషప్పులు. వాళ్ళు ఆర్థడాక్స్ చర్చి సన్యాసులు, పెళ్ళి చేసుకోకూడదు, పిల్లలుండరు. అందుకని గద్దె అన్నదమ్ముల కొడుకుల్లో ఒకడికి వెళ్ళేది.

1697లో పెట్రోవిచ్ వంశానికి చెందిన ‘దానిలో’ అనే ఆయన బిషప్ అయిన దగ్గర్నుంచి ఇది మొదలు. చుట్టూ ఒట్టోమన్ తురుష్కులు, కింద సముద్రతీరంలో వెనిస్ వాళ్ళు, మధ్యలో రాళ్ళకొండల మీద ఎప్పుడూ ఒకరి మీద ఒకరు పగలు తీర్చుకునే తెగలు. ఏ తెగ నాయకుడు రాజైనా మిగతావాళ్ళు ఒప్పుకోరు, కానీ రాజధాని సెటిన్యేలోని మఠంలో ఉండే బిషప్ మాటంటే అందరికీ ఎంతోకొంత గౌరవం, పైగా ఆయనకి కొడుకు ఉండడు కాబట్టి ఈయన తన పిల్లల కోసం కూడబెట్టుకుంటున్నాడు అనే అనుమానమూ తక్కువ. ఈ ఏర్పాటు అంతకాలం నిలబడ్డానికి ఇదే పెద్ద కారణం అని నా నమ్మకం.

అలాగని ప్రతిసారీ మంచోడే దొరికాడని కాదు. బిషప్ దానిలో తర్వాత వచ్చిన సవా అనే బిషప్ మెతక మనిషి, ఆయన టైంలోనే 1767లో ష్చెపాన్ మాలి అనే ఒకడు ఎక్కణ్ణించో వచ్చి, చచ్చిపోయిన రష్యా జార్ మూడో పీటర్‌ని నేనే అన్నాడు, జనం నమ్మేశారు! అసలు బిషప్ పక్కకి తప్పుకోవాల్సొచ్చింది. వీడు దొంగ అని చెప్పడానికి రష్యా నుంచి దోల్గోరుకోవ్ అనే ప్రిన్స్ 1769లో వచ్చి ముందు జైల్లో పెట్టించి, చివరికి జనాన్ని అదుపులో పెట్టగలిగేవాడు వీడొక్కడే అని అర్థమై వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మందుపాతర పేలి ష్చెపాన్‌కి కళ్ళు పోయాయి, అయినా పాలన వదల్లేదు. 1773లో పక్కనున్న స్కదర్‌ని ఏలే ఒట్టోమన్ గవర్నర్ (పాషా) డబ్బిచ్చి, ష్చెపాన్ మంగలి చేతే అతన్ని చంపించాడు. వీడు మోసగాడే గానీ, ఆ కొన్నేళ్ళు తెగల మధ్య కొట్లాటలు ఆపగలిగాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఈ బిషప్పుల్లో నాకు అందరికంటే ఇష్టమైంది, సవా తర్వాత వచ్చిన మొదటి పేతర్. 1796లో క్రూసీ దగ్గర యుద్ధంలో స్కదర్ పాషా కారా మహ్ముద్‌నే మట్టుబెట్టారు, ఆ పాషా పుర్రెని సెటిన్యేలోనే దాచిపెట్టుకున్నారు. అంత గట్టి మనిషికి కూడా వారసుణ్ణి వెతుక్కోవడం తేలిగ్గా అవలేదు. అనుకున్న కుర్రాళ్ళలో ఒకడు రష్యాకి చదువుకి వెళ్ళి, నాకు చర్చి వద్దు సైన్యమే కావాలన్నాడు. ఆఖరికి తమ్ముడి కొడుకు రాదేని ఎంచుకున్నాడు. 1830లో పెద్దాయన పోయేటప్పటికి ఆ పిల్లాడికి 17 ఏళ్ళు కూడా నిండలేదు, ఇంకా సన్యాసి కూడా కాలేదు, అప్పటికప్పుడు సన్యాసం ఇప్పించి కూర్చోబెట్టారు. ఆ కుర్రాడే రెండో పేతర్ న్యెగోష్, ఆ భాష వాళ్ళకి మహాకవి. సెనేట్ పెట్టాడు, పన్నులు కట్టించాడు, క్షయతో 1851లో 37 ఏళ్ళకే పోయాడు. సొంత కొడుక్కే ఇవ్వాలి అనే రూల్ ఉండుంటే ఈయన కొండల్లో గొర్రెలు కాచుకుంటూ ఉండిపోయేవాడేమో.

ఈయన తర్వాత అదే పేరున్న ఇంకో దానిలో వచ్చి 1852లో నాకు బిషప్ పదవి వద్దు, ప్రిన్స్‌గానే ఏలుతా అన్నాడు, 1855లో ట్రియెస్టే అమ్మాయి దారింకాని పెళ్ళి చేసుకున్నాడు. గద్దె ఇక తండ్రి నుంచి కొడుక్కే అనుకున్నారు. కానీ పుట్టింది ఒక్క కూతురు, 1860లో కోతోర్‌లో దానిలోని కాల్చి చంపారు, మళ్ళీ అన్న మిర్కో కొడుకు నికోలానే రావాల్సొచ్చింది.

నికోలా 58 ఏళ్ళు ఏలాడు. 1878 బెర్లిన్ కాంగ్రెస్‌లో దేశానికి గుర్తింపు తెచ్చాడు, 1910లో కింగ్ అయ్యాడు. కూతుళ్ళని పెద్దపెద్ద ఇళ్ళకి ఇచ్చాడు, ఇద్దరు రష్యా గ్రాండ్ డ్యూకుల ఇళ్ళకి, ఎలేనా ఇటలీకి రాణి, జోర్కాని సెర్బియా రాజవంశపు పేతర్ కరాజోర్జెవిచ్‌కి. ఈ చివరి సంబంధమే ఆయన కొంప ముంచింది. జోర్కా కొడుకు అలెగ్జాండర్ పుట్టింది సెటిన్యేలోనే, తాతగారి ఊళ్ళోనే. 1916లో ఆస్ట్రియా సైన్యం వస్తే నికోలా దేశం వదిలాడు, 1918 నవంబర్‌లో సెర్బియా సైన్యం అక్కడుండగానే పోద్గోరిత్సాలో అసెంబ్లీ పెట్టి ఆయన్ని గద్దె దించి దేశాన్ని సెర్బియాలో కలిపేశారు. అప్పటికి సెర్బియా రాజు సొంత అల్లుడు, రాజు బదులు పాలన చూస్తున్న రీజెంట్ అలెగ్జాండర్ సొంత మనవడు! నికోలాకి తప్పుల్లేవని అనను, అధికారం ఎవరితోనూ పంచుకోలేదు. కానీ సొంతవాళ్ళే అలా చేయడం చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఒప్పుకోనివాళ్ళు 1919 జనవరిలో తిరగబడితే అణిచేశారు.

ఆయన 1921 మార్చి 1న ఫ్రాన్స్‌లో ఆంటీబ్‌లో పోయాడు. దానిలో అనే పెద్దకొడుకు, లేని రాజ్యం హక్కుని వారం తిరక్కుండానే వదిలేసి తమ్ముడి కొడుకు మిహైలోకి ఇచ్చాడు. నికోలా అస్థికలు 1989లో సెటిన్యేకి తెచ్చారు, 2006లో రెఫరెండంలో 55.5 శాతం ఓట్లతో మాంటెనెగ్రో మళ్ళీ విడి దేశమైంది, 2011లో ఈ వంశానికి గౌరవ హోదా ఇస్తూ చట్టం కూడా చేశారు. ఇప్పుడది రిపబ్లిక్ కాబట్టి గద్దె తిరిగి రాదు, రావాలనీ నేను అనను, కానీ 1918లో జరిగింది అన్యాయం అని ఆ దేశమే చట్టంలో రాసుకోవడం చాలా మంచి పని.